బండి కింది నీడ

మా ట్రాలీ మీద ఇల్లు కట్టిందీ మా ఆయనే, ఆ ఇంట్లో పిల్లలు ఉండొద్దని పట్టుబట్టిందీ మా ఆయనే. ఈ మనిషి ఒక చేత్తో కట్టి ఇంకో చేత్తో వద్దంటాడేమిటని అప్పట్లో బాగా తిట్టుకునేదాన్ని.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు కొన్నాం ఆ బండిని. మాది కల్వకుర్తి దగ్గర ఊరు. గొర్లే మా బతుకు. శివరాత్రి దాటిందంటే మా దిక్కు గడ్డి ఎండిపోతుంది, కుంటలు అడుగంటుతాయి, గొర్రె నోటికి దొరికేది ఏమీ ఉండదు. అందుకని మందను తోలుకొని దేవరకొండ మీదుగా, కాలువ కింద వరి పండే హుజూర్‌నగర్ దిక్కు పోతాం. కోతలైన మళ్లలో వరి కొయ్యలు మేస్తూ మంద ఒక పొలం నుంచి ఇంకో పొలానికి జరుగుతుంది. ఏ రైతు పొలంలో మంద పడుకుంటే ఆ పొలానికి ఎరువు. జూన్‌లో మిరుగం కార్తె చినుకులు పడ్డాక మళ్లీ ఇంటి దారి. మా అత్తమామల కాలంలో సామాను గాడిదల మీద వెళ్లేది. మా కాలానికి ట్రాలీ, అంటే వెనుక తొట్టి ఉన్న చిన్న మోటారు బండి, వచ్చింది.

వెనుక తొట్టి మీద ఇనుప పైపులు వంచి, వాటి మీద టార్పాలిన్ కప్పి గట్టిగా బిగించాడు మా ఆయన. డ్రైవర్ సీటు వెనుక భాగంలో చెక్క బల్ల, దాని మీద మా పరుపులు, గొంగళ్లు. బల్ల కింద అప్పుడే ఈనిన గొర్రెపిల్లలకు జాగా. ఒక మూల గ్యాస్ పొయ్యి, ఒక మూల నీళ్ల డ్రమ్ము, పైన మంద చుట్టూ కట్టే వల చుట్టలు. పట్నంలో ఉండే మా తమ్ముడు ఒకసారి ఫోన్‌లో ఏదో దేశం వీడియో చూపించాడు. బండిలోనే మంచం, వంటిల్లు, కిటికీలకు పూల పరదాలు.

"గీల్ల బండి కంటె మీది ఏం తక్కువనే అక్కా?" అన్నాడు.

"తక్కువేం లేదు రా. గొర్రె వాసన జర ఎక్కువ, గంతే" అన్నాను.

అప్పుడు మా బిడ్డకు ఐదేళ్లు, కొడుక్కు మూడు నిండలేదు. ఆ ఏడు మంద బయల్దేరే ముందు మా ఇంట్లో పెద్ద పంచాయితీ. పిల్లలను ఊళ్లోనే మా అమ్మ దగ్గర ఉంచుదామని ఆయన, వీల్లేదని నేను.

"తోవ పొడుగునా లారీలు. ఆడికి పోతే నిండు కాలువ. నాకు ఫికరైతాందే" అన్నాడు ఆయన.

నాకు ఫికరు లేదా? ఉంది. కానీ నా ఫికరు వేరే. మా అమ్మానాన్నలు కూడా ఏటా మంద వెంట పోయినవాళ్లే. నన్ను మా అవ్వ దగ్గర వదిలి పోయేవాళ్లు. ఒక ఏడు మిరుగానికి తిరిగొచ్చిన అమ్మ నాకు ఎర్ర గాజులు తెచ్చింది. అవి నా చేతికి ఎక్కలేదు. తను పోయేనాటి చెయ్యి గుర్తు పెట్టుకొని కొన్నది పాపం. సబ్బు రాసి ఎక్కించబోతే నేను చెయ్యి లాక్కొని అవ్వ వెనుక దాక్కున్నాను. అమ్మ ఆ గాజులు పట్టుకొని గడప మీద కూర్చుండిపోయింది. నా పిల్లల చేతులు నేను చూస్తుండగానే పెరగాలని నాకు పెళ్లి కాకముందు నుంచే ఉంది. ఇది ఆయనకు చెప్తే "గాజులదేముందే" అంటాడని చెప్పలేదు.

మా అత్త నా పక్షం చేరింది. మందతో తిరిగి తిరిగి ముసలిదైన మనిషి. ఆమెకు తెలియని తోవ లేదు, భయపడే వస్తువు లేదు.

"మంద ఎంబడి పిల్లలు కొత్తనా రా? నువ్వు గాడిద మీది గంపల పెరిగినోనివి కాదా?" అని కొడుకును దబాయించింది.

"అది గాడిద. గిది బండి అమ్మా."

"బండైతేంది? తోలేటోనివి నువ్వే గద!"

ఆయన నా దిక్కు తిరిగి వేలు చూపించి, "ఒక్కటంటే ఒక్కటి జరగాలె, ఆ దినమే ఇద్దర్నీ మీ అమ్మ తాన దించొస్త. మల్ల ఏడ్వద్దు" అన్నాడు.

"దించిరా. ఎవలొద్దన్నరు?" అన్నాను. మంచి పంతం మీద ఉన్నాను.

పంతం పట్టిన మనిషికి భయం ఎక్కువ. ఏదన్నా జరిగితే పిల్లలు నా చేతిలోంచి పోతారు. కాబట్టి ఏదీ జరగకూడదు. బండి కదులుతుంటే పొయ్యి ముట్టించేది లేదు. సిలిండర్ దొర్లకుండా చుట్టూ గోనె సంచులు కుక్కాను. గొర్ల కడుపులో పురుగులు చావడానికి తాగించే నట్టల మందు అచ్చం పాలలాగా తెల్లగా ఉంటుంది. దాన్ని, ఉన్ని కత్తెర్లను ఒక సంచిలో పెట్టి ఎవరి చెయ్యీ అందకుండా పైపుకు వేలాడదీశాను. పిల్లలు పరుపుల మీద కూర్చుంటే వాళ్ల ముందర మంద వల ముక్క ఒకటి అడ్డంగా కట్టేదాన్ని. వల సందుల్లోంచి ముక్కులు బయటపెట్టి రోడ్డును చూసేవాళ్లు. పైపుకు చీర ఉయ్యాల కడదామని, చిన్నోడు హాయిగా నిద్రపోతాడని అత్త అంది. బ్రేకు వేస్తే ఉయ్యాల ఎటు పోతుందో ఆలోచించు అత్తా అన్నాను. "ఓయబ్బో, నువ్వు దాటిచ్చే గండాలు మాకు తెల్వకనే మేం పిల్లల్ని సాకినమా!" అని మూతి తిప్పింది గాని ఉయ్యాల కట్టలేదు.

దారి పొడవునా ఏమీ జరగలేదు. దేవరకొండ దాటాం, హాలియా దాటాం. రోడ్డు దిగి కాలువ పక్క చేలల్లోకి వచ్చేసరికి అందరికీ ఒకటే భయం పట్టుకుంది. కాలువ. నిండుగా, చప్పుడు లేకుండా పోతుంటుంది. మా చిన్నోడికి నీళ్లంటే ప్రాణం. రెప్ప వాల్చే లోపల గట్టు ఎక్కేవాడు.

అప్పుడు మా అత్త ఒక పని చేసింది. మందకు ముందు నడిచే మేకపోతు మెడలో కట్టే ఇత్తడి చిరుగంట ఒకటి ఎక్కువ ఉంటే, దాన్ని ఎర్రదారానికి గుచ్చి చిన్నోడి మొలతాడుకు ముడేసింది.

"మేకపోతు యాడున్నదో కండ్లతోటి చూస్తమా? చెవులతోటే గద చూసేది. వీడు గూడ గంతే" అంది.

నవ్వాను గాని, ఆ గంట పనిచేసింది. వంట చేస్తున్నా, బట్టలు పిండుతున్నా ఒక చెవి దాని మీదే ఉండేది. ఒక పొద్దున గంట చప్పుడు కాలువ దిక్కు జరుగుతుంటే ఉరికిపోయి గట్టు మీదే వాణ్ణి ఒడిసి పట్టుకున్నాను. ఆ రోజు నుంచి ఆ గంటను దేవుణ్ణి నమ్మినట్టు నమ్మాం. మా ఆయన కూడా గంట వినబడుతుంటేనే ముద్ద మింగేవాడు. రోడ్డు మీది టీ హోటల్ ఆమె ఒకసారి "గొర్రెపిల్లనా, మనిషిపిల్లనా?" అని నవ్వితే, చిన్నోడు "మ్యా" అని అరిచి చూపించాడు.

వరి పొలాలు ఎంత పచ్చగా ఉన్నా కోత కోసినాక ఎడారే. పొలాల ఒడ్ల మీద చెట్టన్నది లేదు. నడి ఎండలో కనుచూపు మేర ఒకే ఒక్క నీడ, మా బండి కింద. నీళ్ల బిందె అక్కడే, కుక్క అక్కడే, లేత గొర్రెపిల్లలు అక్కడే. మా అత్త గొంగడి పరిచి పిల్లలను కూడా అక్కడే పండబెట్టేది. చల్లగా ఉండేది నిజంగానే. నేనూ దూరి నడుం వాల్చేదాన్ని.

"మా పిల్లలు గాడిద కడుపు కిందనే ఆడుకుంటుండె. అది కాలు ఎత్తి, చూసి, పక్కకు పెట్టేది. ఒక్క పిల్లగాన్ని తొక్కలే" అని అత్త మురిసిపోతూ చెప్పేది. అందరం కాలువను చూసి భయపడ్డాం. పొద్దంతా మా వీపుకు ఆని ఉన్న బండిని చూసి ఎవరం భయపడలేదు.

ఆ మధ్యాహ్నం పొలం రైతు మోటారు సైకిల్ మీద వచ్చి దూరం నుంచే కేకేశాడు.

"బండి తియ్యండయ్యా! కోత మిషన్ వస్తంది. దానికి ఇంకో దారి లేదు."

అనగానే మిషన్ వచ్చేసింది. ఆ చప్పుడుకు చెవులు పగిలిపోతున్నాయి. మా మామ మందతో కాలువ దిక్కు దూరంగా ఉన్నాడు. మా ఆయన అప్పుడే మందను వదిలి బువ్వకు వచ్చి, చెయ్యి కడగబోతూ ఆగిపోయాడు. అత్త అవతల వల చుడుతోంది. నేను గిన్నెలు, పొయ్యి, ఆరేసిన బట్టలు గబగబా తొట్టిలో పడేస్తున్నాను. బండి కింది కుక్క, గొర్రెపిల్లలు మిషన్ చప్పుడుకు బెదిరి ఎప్పుడో బయటికి ఉరికాయి.

"పిల్లలేరే?" అని ఆయన అరిచాడు.

బిడ్డ నా కొంగు పట్టుకొనే ఉంది. చిన్నోడి కోసం చెవి పెట్టాను. మిషన్ చప్పుడు ఒక్క క్షణం తగ్గిన సందులో సన్నగా గంట. కాలువ దిక్కు నుంచి.

"కాలువ కాడున్నడు!" అని అరిచి పరుగెత్తాను. చెప్పులు ఎక్కడ వదిలానో గుర్తు లేదు. కొయ్యలు పాదాల్లో దిగుతున్నాయి. గంట దగ్గరవుతోంది. మామ మంద, మంద వెనుక గట్టు. గట్టు మీద చిన్నోడు లేడు. గంట మాత్రం మోగుతూనే ఉంది. మంద అంచున తల్లి లేని బక్క గొర్రెపిల్ల ఒకటి, మేం సీసాతో పాలు పట్టి సాకుతున్నది, మెడలో ఎర్రదారంతో ఎగురుకుంటూ నా దగ్గరికి వచ్చింది.

దాన్ని చూసి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. అర్థం కాగానే వెనక్కి తిరిగాను. దూరంగా మా బండి పొగ గొట్టం నుంచి నల్లటి పొగ లేచింది. స్టార్ట్ చేశాడు.

అరిచాను. నా అరుపు నాకే వినబడలేదు. చేతులు ఊపాను. ఆయన చూసింది వెనుక అద్దంలోకి, నా దిక్కు కాదు. పరుగెత్తుతున్నాను గాని పొలం తరగడం లేదు. దేవుడా, నా చేతులు కాళ్లు తీసుకో, నా కండ్లు తీసుకో అని మొక్కుకుంటూ పరుగెత్తాను.

కాలువ కాడ మామ ఉన్నాడు, నేను పోతున్నాను, చిన్నోడు దొరుకుతాడన్న ధీమాతో ఆయన బండి తీయబోయాడట. బండి ముందు భాగం పొలం ఒడ్డుకు ఆని ఉంది. వెనక్కి తీస్తే గాని బయటికి రాదు. నేల వాలు కాబట్టి వెనుక చక్రానికి రాయి అడ్డం పెట్టి ఉంటుంది. స్టార్ట్ చేసినప్పుడల్లా ఆ రాయి తీసేది మా అత్త. ఆమె వల చుట్టే పనిలో ఉంది. "అమ్మా, రాయి!" అని ఆయన రెండు మూడు కేకలు వేశాడట, మిషన్ హోరులో ఆమెకు వినబడలేదు. ఆయనకు కోపం వచ్చింది. తిట్టుకుంటూ తనే దిగాడు. రాయి కోసం వంగాడు. రాయి పక్కన చిన్న పాదం.

నేను వచ్చేసరికి ఇంజన్ ఆగి ఉంది. ఆయన నేల మీద కూర్చొని ఉన్నాడు. చిన్నోడు ఆయన ఒళ్లో, ఇంకా నిద్ర మత్తులోనే, చెంప మీద గొంగడి గీతలతో. ఎండకు కండ్లు చిట్లించి "అమ్మా, నీల్లు" అన్నాడు. వాణ్ణి లాక్కొని ఒళ్లంతా తడిమాను. అప్పుడు ఏడ్చాను. ఊరికి ఊరు పోయినట్టు ఏడ్చాను.

గంట ఎవరు విప్పారని అడిగితే బిడ్డ బెదిరిపోయి నిలబడింది.

"తమ్ముడు పండుకున్నడు గదా. పండుకున్నోనికి గంటెందుకు? దానికి అమ్మ లేదు, తప్పిపోతది" అంది.

కొట్టబోయిన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఏమని కొడతాను? మాకున్న బుద్ధే ఆ పిల్లకూ ఉంది. మేమంతా తప్పిపోయే వాళ్ల గురించే ఆలోచించాం, అది కూడా అంతే ఆలోచించింది.

రైతు కంగారుపడి చెంబుతో నీళ్లు తెచ్చాడు. మిషన్ డ్రైవర్ దిగివచ్చి మా బండిని తనే పక్కకు తీసిపెట్టాడు. మా ఆయన లేవలేదు. అత్త బండి చక్రం మీద చెయ్యి పెట్టి, "గాడిదకు కండ్లుండె బిడ్డా. దీనికి లెవ్వన్న సంగతి నాకు తోచకపాయె" అని కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆ సాయంత్రం నేనే పిల్లల బట్టలు మూటగట్టాను. పంతం లేదు, గింతం లేదు. గాజులు ఎక్కకపోతే మానె, చేతులుంటే చాలు అనిపించింది. మా అమ్మ నన్ను వదిలి పోయేటప్పుడు ఏం చూసి భయపడిందో నేనెప్పుడూ అడగలేదు. మూట తెచ్చి ఆయన ముందర పెట్టాను.

"మాట మాటే. రేపు బస్సెక్కి దించిరా" అన్నాను.

గెలిచినవాడు కదా, ఏమన్నా అంటాడనుకున్నాను. ఆయన మూట దిక్కు కూడా చూడలేదు.

"ఎందుకు? ఊర్లె ట్రాక్టర్లు లెవ్వా? ఆటోలు లెవ్వా? ఎవడు వంగి చూస్తడు ఆడ?" అన్నాడు. పిల్లల దిక్కు చూసి, "యాడికి పంపియ్య. నా కండ్ల ముందలనే ఉండాలె" అన్నాడు.

చూడండి చోద్యం. ఉంచుదామన్న నేను పంపుతానంటున్నాను, పంపుదామన్న మనిషి వదలనంటున్నాడు. మా మామ బీడీ ఆర్పి, "ఇద్దరికీ ఒక్కతీరు భయం పట్టింది. తెల్లారనియ్యిరి" అన్నాడు. తెల్లారినా ఆయన మారలేదు. మూట విప్పి బట్టలు మళ్లీ తాడు మీద నేనే వేశాను.

కానీ ఇంకో చిక్కు వచ్చింది. మందను పక్క పొలానికి మార్చాలి. ఆయన సీట్లో కూర్చున్నాడు, తాళం పెట్టాడు, తిప్పలేక దిగిపోయాడు. మరుసటి రోజూ అంతే. దిగి చుట్టూ చూస్తాడు, మళ్లీ ఎక్కుతాడు, మళ్లీ దిగుతాడు. ఎన్ని మైళ్లు తోలిన చేతులు అవి! తాళం దాకా పోయి వెనక్కి వస్తుంటే నాకు జాలీ కలిగింది, కోపమూ వచ్చింది. గొర్లకు మేత అయిపోతోంది.

"ఇటియ్యి తాళం" అన్నాను.

"నీకు రాదు గదనే."

"నీకొచ్చి ఏం చేస్తున్నవు? చెప్పు, నేర్చుకుంట."

ఇప్పుడు నాకు లైసెన్సు ఉంది, కల్వకుర్తి బజారులో నేను ట్రాలీ ఆపితే ఎవరూ తిరిగి చూడరు కూడా. ఆనాడు మాత్రం ఆ ఖాళీ మడిలో నేను చేసిన సర్కస్ చూసి కొంగలు లేచిపోయాయి. ఆయన కిటికీ పక్కన నడుస్తూ "క్లచ్చు! క్లచ్చు తొక్కవే తల్లీ!" అని నెత్తి కొట్టుకునేవాడు. అత్త గట్టు మీద నుంచి "తిట్టకురా, మంచిగ చెప్పు. నీకు తల్లి కడుపులనే వచ్చిందా బండి?" అని గదమాయించేది. ఆ సీట్లో కూర్చున్నాకే తెలిసింది, అక్కడి నుంచి నేల ఎంత తక్కువ కనబడుతుందో. అద్దాల్లో ఆకాశం కనబడుతుంది, దూరంగా ఒడ్డు కనబడుతుంది. చక్రం పక్కన ఏనుగు పడుకున్నా కనబడదు. ఇన్నేళ్లు ఆయన ఇంత గుడ్డిగా తోలాడా అనుకున్నాను.

సామానంతా ఎక్కించి నిజంగా బండి కదిపే రోజు వచ్చింది. నేను నేల మీద బోర్లా పడుకొని చెంప మట్టికి ఆనించి, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూశాను. తర్వాత ఆయనతో, "పిల్లల్ని పట్టుకొని ముందర ఒడ్డు మీద నిలబడు. ముగ్గురూ నాకు కనబడాలె" అన్నాను.

పోయి నిలబడ్డాడు. ఎడమ చేతిలో బిడ్డ చెయ్యి, కుడి చేతిలో చిన్నోడి చెయ్యి. నేను స్టార్ట్ చేశాను. ముందరి అద్దం లోంచి వాళ్ల ముగ్గురినీ చూస్తూనే బండిని మెల్లగా వెనక్కి, తర్వాత పక్కకు, తర్వాత పక్క పొలంలోకి తీసుకుపోయాను. రెండుసార్లు ఎగిరింది, ఒకసారి ఆగిపోయింది. చిన్నోడు చెయ్యి గుంజుకుంటూ గింజుకుంటున్నాడు. వాడి నోరు కదులుతోంది గాని మాట వినబడడం లేదు.

బండి ఆపి, రాయి అడ్డం పెట్టి వాళ్ల దగ్గరికి నడిచివెళ్లాను.

"నొస్తాంది బాపూ, ఇడువు" అని వాడు ఏడుస్తున్నాడు. లేత వేళ్లు ఎర్రగా కందిపోయాయి. అవతలి పక్క బిడ్డ ఏడవకుండా పళ్ల బిగువున ఓర్చుకుంటోంది.

"ఆపిన గదయ్యా, ఇంక ఇడువు" అన్నాను.

ఆయన నా భుజం మీదుగా బండినే చూస్తున్నాడు.

"తాళం తీసినవా?" అన్నాడు.

తాళం చెయ్యి ఎత్తి చూపించాను. అప్పటికీ వదల్లేదు.